పెద్దమ్మాయి కోసిన పచ్చి గుత్తులు

ఆ తోటలో ఆమెని అందరూ పెద్దమ్మాయి అనే పిలుస్తారు. నలభై మూడేళ్ళు వచ్చాయి, కణతల దగ్గర జుట్టు నెరిసింది, అయినా పెద్దమ్మాయే. చిన్నమ్మాయి అనే ఇంకో మనిషి ఉంది కాబట్టి ఈమె పెద్దమ్మాయి అయింది. ఆ మనిషే లేకపోతే ఈపాటికి హాయిగా అమ్మగారు అనిపించుకునేది. తన పిలుపులో సగం చెల్లెలి పుణ్యమేనని గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. ఒళ్ళు మండటానికి ఆమెకి పెద్ద కారణాలు అక్కర్లేదన్నది నిజమే కానీ, ఆరేళ్ళుగా ఆమెకి పెద్ద కారణమే దొరికింది.

వాళ్ళది వైన్ ద్రాక్ష. బజారులో తట్టల్లో అమ్మే తినే ద్రాక్ష కాదు. చిన్న కాయ, మందం తోలు, నోట్లో వేసుకుంటే సగం గింజలే. పండిందంతా దిగువనున్న వైనరీకి పోతుంది. తోట నాన్నదే అయినా, కొమ్మల కత్తిరింపుల నుంచి కోత దాకా ఇరవై రెండేళ్ళుగా నడిపింది మాత్రం పెద్దమ్మాయే. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా తీగలు కత్తిరించింది, ఎండకి మాడుతూ ఆకులు దూసింది. చిన్నమ్మాయి ఆ ఇరవై రెండేళ్ళలో సగానికి పైగా ఎక్కడెక్కడి తోటల్లోనో పనిచేసి, చివరికి ఒక సంచీ, ఒక కొత్త మాటా పట్టుకుని తిరిగొచ్చింది.

"మనం మరీ ఎడం ఎడంగా నాటుతున్నాం నాన్నా," అంది వచ్చిన వారానికే. "వరుసకీ వరుసకీ పదడుగులు, తీగకీ తీగకీ ఆరడుగులు. మధ్యలోంచి ట్రాక్టరేం, లారీ పోవచ్చు. ఐదడుగుల వరుస, మూడడుగుల ఎడం చాలు. ఒక్కో తీగ తక్కువే కాస్తుంది, కానీ తీగలు నాలుగింతలుంటాయి కదా. రాతినేలలో తీగ ఎలాగూ పెద్దగా పెరగదు, దానికంత చోటిచ్చి ఏం లాభం? దగ్గరగా ఉంటే వేళ్ళు పోటీపడి లోపలికి దిగుతాయి."

"పోటీపడటం గురించి నువ్వే చెప్పాలి," అంది పెద్దమ్మాయి.

చెల్లెలు నవ్వింది. ఆ పిల్లతో వచ్చిన చిక్కే అది, ఏమన్నా నవ్వుతుంది.

ఇంటి వెనక నాలుగెకరాల కొండవాలు ఉంది. అన్నీ రాళ్ళు. తాతల నాటి నుంచి దాని జోలికి ఎవరూ పోలేదు. నాన్నకి దాని మీద ఎప్పటి నుంచో ఆశ. చిన్నమ్మాయి మాటలు విన్నాక ఆ ఆశకి కాళ్ళొచ్చాయి, ఆయన కాళ్ళు మాత్రం అప్పటికే పోయాయి. మోకాళ్ళ నొప్పులతో కాటా షెడ్డు దాటి రాలేకపోతున్నాడు. ఒకరోజు కూతుళ్ళిద్దరినీ ఆ షెడ్డులోనే కూర్చోబెట్టి చెప్పాడు.

"వాలు కింద ఆ రాతినేలలోనే చెరో అరెకరం తీసుకోండి. ఒకటే నేల, ఒకటే నీళ్ళు. ఎవరి పద్ధతి వాళ్ళదే. కాపుకొచ్చాక బరువూ చూస్తాను, రుచీ చూస్తాను. నెగ్గినవాళ్ళు వాలంతా నాటండి. వాలు నాటినవాళ్ళదే ఇక తోట పెత్తనం కూడా. నా వల్ల కాదు."

పెద్దమ్మాయికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు చేసిన పెత్తనానికి మళ్ళీ పరీక్షా? అదీ నిన్నగాక మొన్న వచ్చినదానితోనా? అయినా నాన్న మాట మాటే. తన అరెకరంలో మూడు వందల అరవై తీగలు నాటింది. పక్కనే చెల్లెలు పద్నాలుగు వందల యాభై నాటింది. చూస్తే ఒకటి సంసారుల ఇల్లులా ఉండేది, రెండోది బడి వదిలిన వీధిలా ఉండేది.

ఇరుకు వరుసల్లో ట్రాక్టర్ పట్టదని తెలిశాక పెద్దమ్మాయి లోలోపల సంబరపడింది. ఆ సంబరం నెల కూడా నిలవలేదు. ఆమె మొగుడు పంపులూ ట్రాక్టర్లూ బాగుచేసే మెకానిక్. మరదలి కోసం రెండు ఆదివారాలు కూర్చుని, మూడడుగుల వెడల్పుతో ముద్దొచ్చే మోటారు బండి చేసిపెట్టాడు. పడగ్గది తలుపు కీచుమంటోందని పెళ్ళాం ఏడాదిగా మొత్తుకుంటుంటే చుక్క నూనె వెయ్యని మనిషి!

"ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "మీ చెల్లెలికి బుర్ర ఉంది."

"నాకు లేదు కాబట్టే కదండీ మిమ్మల్ని చేసుకున్నాను," అందామె. తలుపు ఇంకా కీచుమంటూనే ఉంది.

నాలుగో ఏడు కాపు లెక్కలోకి వచ్చింది. బరువులో చెల్లెలు నెగ్గింది: ఈమెవి రెండు వేల నూట యాభై కిలోలు, ఆమెవి రెండు వేల ఆరు వందలు. నాన్న కాటా రాయి రెండుసార్లు చూసుకుని "ఔరా!" అన్నాడు. ఆ "ఔరా" పెద్దమ్మాయి చెవిలో పురుగులా దూరింది. తనకి ఇన్నేళ్ళలో ఒక్క "ఔరా" దక్కలేదు.

రుచిలో మాత్రం పెద్దమ్మాయే నెగ్గింది. రుచి చెప్పేది పీపాల పెద్దాయన. వైనరీలో నలభై ఏళ్ళుగా కర్రపీపాల్లో వైన్ మాగబెట్టడమే ఆయన పని, అందుకే ఆ పేరు. చిన్నమ్మాయి వైన్ పుక్కిలించి బకెట్లో ఉమ్మి, "పల్చగా ఉంది, పచ్చి వాసన పోలేదు," అన్నాడు. పెద్దమ్మాయిది రెండు గుక్కలు మింగాడు. మింగాడంటే మెచ్చినట్టే.

"చెరొకటి అయింది," అన్నాడు నాన్న. "వచ్చే ఏటితో తేల్చేస్తాను."

ఆ ఏడాదంతా పెద్దమ్మాయికి సరిగ్గా నిద్ర లేదు. రుచి ఎలాగూ తనదే. బరువు ఒక్కటీ తనదైతే చాలు, ఇక అడిగేవాడు ఉండడు. కానీ ఆ బరువు పెరిగే దారి లేదు. తన తీగలు మొయ్యగలిగినంతా మోస్తున్నాయి. తనది పెరగనప్పుడు పక్కవాళ్ళది తగ్గితే బాగుండునని అనిపించడం ఎంతసేపు? పిందె పడ్డప్పటి నుంచి చెల్లెలి తీగల గుత్తులు లెక్కపెట్టడం పనిగా పెట్టుకుంది. ఒక్కో తీగకి పదహారు, పదిహేడు. లెక్కపెట్టి ఇంటికొచ్చి భోజనం దగ్గర కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

కాయ రంగు తిరిగే రోజుల్లో చిన్నమ్మాయి ప్రయాణం కట్టింది.

"ఎనిమిది రోజులు నర్సరీకి వెళ్ళొస్తాను నాన్నా. వాలుకి అంటుమొక్కలు చూసి రావాలి. పదకొండు వేల ఆరు వందలు కావాలి, ముందే చెప్పి ఉంచకపోతే దొరకవు."

పెద్దమ్మాయి మనసులోనే లెక్క కట్టింది. నాలుగెకరాలకి తన పద్ధతిలో అయితే మూడు వేలు సరిపోతాయి. పదకొండు వేల ఆరు వందలంటే చెల్లెలి పద్ధతే. ఇంకా కోత కాలేదు, కాటా ఎక్కలేదు, రుచి తేలలేదు, ఇది మాత్రం వాలు తనదేనని మొక్కలు మాట్లాడుకోడానికి పోతోంది! అంతకుముందు దాకా కడుపులో నివురుగప్పిన నిప్పుంటే, ఆ మాటతో ఎవరో విసనకర్ర పట్టుకుని ఊపినట్టయింది.

ఆ తోటలో ఒక కట్టడి ఉంది. మంచి గుత్తిని పచ్చిగా ఉండగా ఎవరూ కొయ్యకూడదు. "కాసింది కాసినట్టు పండాలి, పచ్చి గుత్తి కోసిన చెయ్యి గేటు బయటే" అంటాడు నాన్న. ఒకసారి ఎవరో కూలీ పొరపాటున నాలుగు గుత్తులు తెంపితే, అతన్ని ఆ పూటే పంపించేసింది స్వయానా పెద్దమ్మాయే. ఆ తోట దాటి వెళ్ళనివాళ్ళెవరికీ పచ్చి గుత్తి కొయ్యడం అంటే నష్టం తప్ప ఇంకో అర్థం తెలియదు.

ఎండ మండే మధ్యాహ్నాలు కూలీలు రెండు గంటలు షెడ్డు నీడలో పడుకుంటారు. చెల్లెలు బస్సెక్కిన రోజు మధ్యాహ్నమే పెద్దమ్మాయి కత్తెర జేబులో వేసుకుని ఆ ఇరుకు వరుసల్లోకి దూరింది. మొదటి గుత్తి దగ్గర అటూ ఇటూ రెండుసార్లు చూసింది. పదో గుత్తికి అలవాటైపోయింది. తప్పు చెయ్యడంలో ఉన్న సుఖం అదే, మొదటి మెట్టు ఒక్కటే ఎత్తుగా ఉంటుంది.

ఆమె తెలివితక్కువది కాదు. బయటికి కనబడే గుత్తులు తెంపితే చెల్లెలు రాగానే పట్టేస్తుంది. అందుకని ఆకుల చాటున లోపల ఉన్నవే ఏరింది. ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న వాటిలో ఒకటి తీసేసింది. పక్కవన్నీ నల్లబడినా ఇంకా రంగు తిరగని మొండివాటిని కోసేసింది. రెండు మూడుసార్లు, బాగా నిగనిగలాడే గుత్తిని కోసి చెల్లెలి కడుపు మండిద్దామనీ అనుకుంది. కానీ ఇరవై రెండేళ్ళు ద్రాక్షని పసిపిల్లలా సాకిన చెయ్యి అది, మంచి గుత్తి మీద కత్తెర నొక్కుకోలేదు. రోజుకి నూట ఎనభై తీగల లెక్కన ఎనిమిది మధ్యాహ్నాలు కోసింది. తెంపినవన్నీ కాలితో నలిపి కలుపు కింద కప్పేసింది. చివరిరోజు వెనక్కి తిరిగి చూస్తే, తీగకి పది గుత్తులు మించి లేవు.

ఆ సాయంత్రం ఆమె కడుపునిండా తింది. మొగుడు ఆశ్చర్యపోయాడు కూడా.

చిన్నమ్మాయి తిరిగొచ్చి సంచీ కింద పెట్టకుండానే తన వరుసల్లోకి వెళ్ళింది. పెద్దమ్మాయి వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడింది. అదిగో వంగింది. అదిగో ఆకులు తప్పించింది. అదిగో కలుపు పక్కకి తోసింది. ఇక అరుస్తుంది, నాన్న దగ్గరికి పరిగెడుతుంది అనుకుంది. చెల్లెలు పక్క వరుసలు కూడా చూసుకుని, తిన్నగా వంటింట్లోకి వచ్చింది.

"ఎండలో బాగా తిరిగావా అక్కా? మొహమంతా నల్లబడింది," అంది. సంచీలోంచి వెడల్పు అంచు టోపీ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టింది. "నీకోసమే కొన్నాను." టోపీతోపాటు ఆ చేతిని కూడా ఒక్క క్షణం పట్టుకుంది.

పెద్దమ్మాయి టోపీ పుచ్చుకుంది. దీనికి తెలిసిపోయింది! తెలిసీ అరవలేదంటే సమయం కోసం కాచుకుని ఉందన్నమాట. ఆ రోజు నుంచి కోత దాకా ఏడు వారాలు ఆమె తేలు కుట్టిన దొంగలా తిరిగింది. నాన్న "పెద్దమ్మాయ్" అని పిలిస్తే చాలు, చేతిలో గిన్నె జారిపడేది.

కోత రోజు వచ్చింది. పెద్దమ్మాయివి రెండు వేల నూట ఇరవై. చిన్నమ్మాయివి పదిహేను వందల నలభై.

నాన్న కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇదేమిటే? నీ దాంట్లో వెయ్యి కిలోలు ఏమయ్యాయి?"

"తర్వాత చెప్తాను నాన్నా. ముందు రుచి కానివ్వండి," అంది చిన్నమ్మాయి. అని అక్క వంక చూసి నవ్వింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం పెద్దలు చెప్పిన మాట. పెద్దమ్మాయి భుజాలు కాదు, ఒళ్ళంతా తడుముకుంది.

నాలుగు నెలల తర్వాత వైనరీలో పీపాల గదికి వెళ్ళారు నలుగురూ. నాన్నని చెయ్యి పట్టి మెట్లు దింపింది పెద్దమ్మాయి మొగుడు. గది చల్లగా, తడి కర్ర వాసనతో ఉంది. బల్ల మీద రెండు కూజాలు ఉన్నాయి, ఏది ఎవరిదో రాసిన చీటీ ఆ కూజా కిందే ఉంది. పీపాల పెద్దాయన మొదటి కూజా రుచి చూశాడు, తలూపాడు. రెండోది నోట్లో పోసుకున్నాడు. బకెట్ వైపు వంగాడు. వంగినవాడు ఆగి, మింగాడు. మళ్ళీ పోసుకున్నాడు, మళ్ళీ మింగాడు. మూడోసారి పోసుకుంటుంటే నాన్నకి ఓపిక చచ్చిపోయింది.

"చెప్పవయ్యా బాబూ! ఇక్కడ మోకాళ్ళు లాగేస్తున్నాయి."

"ఇది," అన్నాడు పెద్దాయన. "నలభై ఏళ్ళలో మీ తోట నుంచి ఇలాంటిది రాలేదు." కూజా ఎత్తి చీటీ తీశాడు. చిన్నమ్మాయిది.

పెద్దమ్మాయి అబద్ధమేమోనని తనే ఒక గ్లాసు పోసుకుని తాగింది. అందని ద్రాక్ష పుల్లన అంటారు. ఆమె ఖర్మ కొద్దీ ఆ వైన్ పుల్లగా కూడా లేదు. నోట్లో నిండుగా నిలబడి, మింగాక కూడా పోనంటోంది. ఇన్నేళ్ళూ ఆమె పండించాలని కలలుగన్నది సరిగ్గా అదే. చెల్లెలి మీద కోపంతో కాదు, ఆ రుచికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పోయినేడు నీళ్ళలా ఉన్నది ఈ ఏడు ఇలా ఎలా అయిందే?" అన్నాడు నాన్న.

"అది నా గొప్ప కాదు నాన్నా. అక్కది," అంది చిన్నమ్మాయి.

పెద్దమ్మాయి చేతిలో గ్లాసు బల్లకి తగిలి ఠంగుమంది.

"పోయినేడే నాకు అర్థమైంది," చిన్నమ్మాయి చెప్పుకుపోతోంది. "దగ్గరగా నాటితే సరిపోదు. చిన్న తీగ అది, పదహారు గుత్తులు మొయ్యలేదు. రంగు తిరిగేటప్పుడు కొన్ని తీసెయ్యాలి. నేను పనిచేసిన చోట అలాగే చేసేవాళ్ళు. కానీ మన తోటలో పచ్చి గుత్తి కొయ్యడమంటే... నీ కట్టడి కాదని కత్తెర పట్టడానికి నాకు చెయ్యి రాలేదు నాన్నా. నర్సరీకి వెళ్ళే ముందు బావతో చెప్పుకుని ఏడ్చాను. తిరిగొచ్చి చూద్దును కదా, అక్క మొత్తం అరెకరం ఒక్కతే కోసేసింది! కాడకి గోరంత వదిలి ఏటవాలుగా కోసేది మన తోటలో తనొక్కతే. నీ మాట పడాల్సొస్తే తనే పడదామని, నాకు కూడా చెప్పకుండా, మిట్టమధ్యాహ్నం ఎండలో చేసింది. తన బరువు పోటీ ఉండగా నా తీగల కోసం చేసింది."

"నువ్వు చెప్పబట్టే కదా బావా అక్కకి తెలిసింది?" అంది బావ వైపు తిరిగి.

మొగుడు ఒక్క క్షణం తెల్లమొహం వేశాడు. చెప్పిన గుర్తు లేదు, చెప్పని గుర్తూ లేదు. ఊరికే వస్తున్న మంచిపేరు వద్దనే అలవాటు ఆయనకి లేదు. "చెప్పే ఉంటాను," అన్నాడు గంభీరంగా.

నాన్న మొహం కందగడ్డలా అయింది. "పచ్చి గుత్తులా? నా తోటలోనా?"

"అరవకయ్యా," అన్నాడు పీపాల పెద్దాయన. "దగ్గర నాటా, ఎడం నాటా అని మీరు ఐదేళ్ళు కొట్టుకున్నారు. ఎన్ని తీగలున్నాయని కాదు, ఒక్కో తీగ మీద ఎంత భారం ఉందని చూసుకోవాలి. మీ పల్లపు నేలలో ఇలా కిక్కిరిసి నాటితే ఆకుల కింద ఆకులు పడి బూజు పట్టి చస్తాయి. రాతివాలు మీద ఇదే సరి, కానీ ఇలా చూసి చూసి కోసే చెయ్యి ఉండాలి. ఏది తియ్యాలో, ఏది ఉంచాలో తెలిసిన చెయ్యి. నీ చిన్నదానికి పద్ధతి తెలుసు, నీ పెద్దదానికి ఆ చెయ్యి ఉంది."

నాన్న ఆ రెండో కూజాలోంచి తనే ఒక గుక్క పోసుకుని తాగాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"వాలు దగ్గరగానే నాటండి. పెత్తనం మాత్రం పెద్దదానిది. నా మాట కాదని నా తోటకి మంచి చేసిన మనిషి ఒక్కతే కనిపించింది నాకు. చిన్నదానా, నీకేమైనా..."

"నేను అడగబోయింది కూడా అదే నాన్నా," అంది చిన్నమ్మాయి.

పెద్దమ్మాయి కోరుకున్నది అక్షరాలా దొరికింది. వాలు, పెత్తనం, నాన్న నోటి వెంట మెచ్చుకోలు. నోరు మూసుకుంటే అయిపోయేది. కానీ మింగలేక కక్కలేక నిలబడ్డ మనిషికి చెల్లెలి కళ్ళల్లోకి చూడటం చేతకాలేదు.

"నేను నీకోసం కొయ్యలేదే," అంది. "బావ నాకేమీ చెప్పలేదు. నీ బరువు తగ్గాలని కోశాను. నువ్వు ఓడిపోవాలని కోశాను. ఒళ్ళు మండి కోశాను."

ముందుగా పీపాల పెద్దాయన నవ్వాడు, ఆయన్ని చూసి నాన్న నవ్వాడు. మొగుడైతే "దీనికి పొగిడితే పడదండీ, పెళ్ళైన కొత్తలోనూ ఇంతే," అన్నాడు.

"నిజం చెప్తున్నాను!" అని అరిచిందామె.

"సరే సరే," అంది చిన్నమ్మాయి నవ్వుతూనే. "చెడగొట్టేవాళ్ళెవరైనా మంచి గుత్తులన్నీ ఉంచి, మొండివీ, చాటువీ ఏరి ఏరి కోస్తారా అక్కా? ఎనిమిది రోజులు? ఒక్క మంచి గుత్తికి కత్తెర తగల్లేదు, నేను తీగ తీగా చూశాను."

పెద్దమ్మాయి తన కుడిచేతి వంక చూసుకుంది.

చిన్నమ్మాయి వచ్చి ఆమె భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. అక్క తనని ఆరేళ్ళుగా పరాయిదానిలా చూస్తోందని దిగులుపడ్డానని, ఆ కోసిన గుత్తులు చూశాకే ఆ దిగులు తీరిందని వెక్కుతూ చెప్పింది. పెద్దమ్మాయి కొయ్యలా నిలబడి వింది. తనైతే? తన తీగల కింద ఎవరో కోసి పడేసిన గుత్తులు కనబడితే తను ఏమనుకునేది? ఆలోచించుకోనక్కర్లేదు, ఆమెకి బాగా తెలుసు. ఊరంతా వినబడేలా చెల్లెలి పేరు పెట్టి అరిచేది.

తీగలు కావాలంటే నాటుకోవచ్చు. పద్ధతి కావాలంటే నేర్చుకోవచ్చు. ఎదుటివాళ్ళు చేసిన పాడు పనిలో కూడా మంచే కనబడే ఆ కళ్ళు మాత్రం ఎంత పెత్తనం చేసినా తనకి రావు. ఆ క్షణంలో, తోటంతా తన చేతికొచ్చిన ఆ క్షణంలోనే, పెద్దమ్మాయికి చెల్లెలి మీద ఇదివరకెన్నడూ లేనంత అసూయ పుట్టింది.